పైథాన్‌లో తెలుగు స్ట్రింగులు: ఊళ్ల పేర్లు, గుంటలు, సర్వే నంబర్లను దారికి తేవడం ఎలా

యాసంగి వడ్ల కొనుగోళ్లు మొదలయ్యాయంటే, ఊళ్లలో వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల లెక్కలు చూసేవాళ్లకు ఎక్సెల్ ఫైళ్లతోనే పొద్దుపోతుంది. ఒక సెంటర్ 'నల్గొండ' అని రాస్తుంది, ఇంకొకటి 'నల్లగొండ' అని. 'మహబూబ్‌నగర్' మూడు నాలుగు రకాలుగా వస్తుంది. మధ్యలో ఎవరో ఒకరు 'పాలమూరు' అని రాసి పంపుతారు. మనిషికి చూడగానే అర్థమవుతుంది. పైథాన్‌కు ఇవన్నీ వేర్వేరు ఊళ్లు.

ఇలాంటి జాబితాను ఒక దారికి తేవడం ఎలాగో ఇక్కడ చెప్తాను. పైథాన్ 3లో ఇఫ్, ఫర్ వరకు వచ్చిన వాళ్లెవరైనా చేసేయవచ్చు. వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది, కాబట్టి కింద వాటిని తెలుగులోనే పెట్టాను. లెన్, స్ట్రిప్, స్ప్లిట్, రీప్లేస్ లాంటి పైథాన్ సొంత పేర్లను మాత్రం మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. ఇక్కడ వాటిని పలికినట్టు రాశాను. ఆఫీసులో నలుగురూ చదివే కోడ్‌లో వేరియబుల్ పేర్లు ఇంగ్లీషులో ఉంటేనే నయం. నేర్చుకునేటప్పుడు తెలుగు పేర్లు హాయిగా ఉంటాయి.

కోడ్ జోలికి వెళ్లే ముందు: మూడు లెక్కలు

ఈ లైన్ టైప్ చేయండి.

ఊరు = "నల్లగొండ"

కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలు: న, ల్ల, గొం, డ. ఇప్పుడు లెన్(ఊరు) అని అడగండి. 8 అంటుంది. న, ల, పొల్లు, ల, గ, ఒ గుణింతపు గుర్తు, సున్న, డ. ఇలా ఒక్కోదాన్నీ విడిగా లెక్కపెడుతుంది. లిపులన్నిటికీ నంబర్లు ఇచ్చే యూనికోడ్ అనే ప్రమాణంలో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు నంబర్లు కేటాయించారు. న 3112, పొల్లు 3149, సున్న 3074. వీటిని కోడ్ పాయింట్లు అంటారు. పైథాన్ స్ట్రింగ్ అంటే ఈ నంబర్ల వరుసే.

ఊరు.ఎన్‌కోడ్() అని రాసి దాని పొడవు అడిగితే 24 వస్తుంది. ఫైల్‌లోకి వెళ్లేటప్పుడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్ మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి.

అంటే ఒకే పేరుకు 4, 8, 24 అని మూడు లెక్కలు. ఫైల్, నెట్‌వర్క్, డేటాబేస్ సైజు విషయాల్లో బైట్లు చూడాలి. పోల్చడం, వెతకడం, మార్చడం కోడ్ పాయింట్ల మీద జరుగుతాయి. కత్తిరించడం, తిప్పి రాయడం, 'ఎన్ని అక్షరాలు' అని చెప్పడం మనకు కనిపించే అక్షరాల మీద జరగాలి. తెలుగు స్ట్రింగుల్లో వచ్చే చిక్కుల్లో చాలావరకు, ఏ లెక్క కావాలో తేల్చుకోకుండా కోడ్ మొదలుపెట్టడం వల్ల వచ్చేవే.

ఊరు[0] → "న"
ఊరు[0:2] → "నల"
ఊరు[0:3] → "నల్"
"కొండ"[0] → "క"

చివరిది చూడండి. 'కొ' అడిగితే 'క' ఇచ్చింది. పైథాన్ వైపు నుంచి అది సరైన జవాబే.

ఫైల్ తెరవడం

ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైల్) కాకుండా 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అన్న ఆప్షన్ ఎంచుకోండి. మామూలు దానిలో తెలుగు అంతా ప్రశ్న గుర్తులైపోతుంది. ఒకసారి అలా సేవ్ అయిన ఫైల్ నుంచి పేర్లను వెనక్కి తెచ్చే దారి లేదు. అసలు ఫైల్ మళ్లీ అడిగి తెచ్చుకోవలసిందే.

పైథాన్‌లో ఓపెన్ అన్నప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే విండోస్‌లో పైథాన్ పాత ఎన్‌కోడింగ్‌తో చదవబోతుంది. అప్పుడు ఎర్రర్ అయినా వస్తుంది, లేదా 'న' ఉండాల్సిన చోట నెత్తిన గీత ఉన్న ఏ, పక్కన డిగ్రీ గుర్తు కనిపిస్తాయి. ఎక్సెల్ నుంచి వచ్చిన ఫైల్‌కు 'యూటీఎఫ్-8-సిగ్' ఇవ్వడం మంచిది. ఎక్సెల్ ఫైల్ మొదట్లో కంటికి కనపడని ఒక గుర్తు పెడుతుంది. సిగ్ లేకుండా చదివితే అది మొదటి కాలమ్ పేరుకు అంటుకుంటుంది. అప్పుడు 'పేరు' అన్న కాలమ్ కళ్ల ముందే ఉన్నా, అలాంటిది లేదని పైథాన్ మొండికేస్తుంది. ఈ టెన్షన్ ఎవరికీ వద్దు.

స్ట్రింగ్, బైట్స్ రెండూ వేర్వేరు రకాలు. ఒకదానికి ఒకటి కలపబోతే టైప్ ఎర్రర్ వస్తుంది. బైట్స్‌ను డీకోడ్ చేసి స్ట్రింగ్ చేసుకున్నాకే పని మొదలుపెట్టండి. బైట్స్‌ను మధ్యలో కత్తిరించకండి. 24 బైట్లలో మొదటి 4 తీసుకుని డీకోడ్ చేయబోతే, రెండో అక్షరం మూడింట ఒక వంతే ఉంటుంది కాబట్టి పైథాన్ ఒప్పుకోదు.

ఇంకో రకం ఫైళ్లు కూడా వస్తాయి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో టైప్ చేసినవి. తెర మీద తెలుగు కనిపించినా లోపల ఉన్నది యూనికోడ్ కాదు. వాటిని ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోండి. ఆ తర్వాతే కింద చెప్పినవన్నీ పనిచేస్తాయి.

వరుసను ముక్కలు చేయడం

వరుస = "సైదులు | మిర్యాలగూడెం | 124/అ | 2.20"
వరుస.స్ప్లిట్("|") → ["సైదులు ", " మిర్యాలగూడెం ", " 124/అ ", " 2.20"]

ముక్కలకు అటూ ఇటూ ఖాళీలు మిగిలాయి కదా. ఒక్కో ముక్క మీద స్ట్రిప్() పెడితే పోతాయి. అయితే స్ట్రింగ్ తనంతట తాను మారదు. పేరు.స్ట్రిప్() అని ఊరికే రాస్తే ఏమీ జరగనట్టే. పేరు = పేరు.స్ట్రిప్() అని మళ్లీ దాచుకోవాలి. రీప్లేస్‌కు కూడా ఇదే పద్ధతి.

పేరు మధ్యలో రెండు మూడు ఖాళీలు పడితే స్ట్రిప్ పట్టించుకోదు. అప్పుడు స్ప్లిట్‌కు బ్రాకెట్లో ఏమీ ఇవ్వకుండా విడగొట్టి, ఒక్క ఖాళీతో జాయిన్ చేయండి. స్ప్లిట్(" ") అని ఖాళీ ఇచ్చి విడగొడితే మధ్యలో ఉత్త స్ట్రింగులు వస్తాయి, కాబట్టి ఏమీ ఇవ్వకపోవడమే మేలు. సీఎస్‌వీ ఫైల్ అయితే కామా దగ్గర మీరే విడగొట్టకండి. అడ్రసులో కామా ఉంటే లెక్క తప్పుతుంది. పైథాన్‌తో వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్ ఆ పని చేసిపెడుతుంది.

ఒకే ఊరు, పది రూపాలు

అసలు పని ఇక్కడ ఉంది. రెండు పేర్లు అచ్చం ఒకేలా కనిపిస్తాయి, రెండు సమానం గుర్తులతో పోల్చితే ఫాల్స్ వస్తుంది. అందుకు కారణాలు ఎక్కువగా ఇవి.

మొదటిది, 'మహబూబ్‌నగర్' మధ్యలో కనపడని అతుకు. బ్ పక్కన న విడిగా నిలవాలంటే ఆ రెంటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కోడ్ పాయింట్ ఉండాలి. దాని నంబర్ 8204. అది లేకపోతే న ఒత్తుగా మారి 'మహబూబ్నగర్' అవుతుంది. అది ఉంటే లెన్ 11, లేకపోతే 10. నాగర్‌కర్నూల్, కోయిల్‌కొండ, షాద్‌నగర్ పేర్లలో కూడా ఇదే గొడవ. స్ట్రిప్ దీన్ని తీయదు, ఎందుకంటే పైథాన్ దృష్టిలో ఇది ఖాళీ కాదు. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు 8203 నంబర్ గల దీని చుట్టం కూడా వచ్చి చేరుతుంటుంది.

రెండోది, సున్న బదులు సున్నా. 'నల్లగొండ'లో ఉండాల్సింది 3074, అంటే అక్షరం పక్కన పెట్టే సున్న. కొందరు తెలుగు అంకె సున్నాను టైప్ చేస్తారు, దాని నంబర్ 3174. సరిగ్గా వంద తేడా. చాలా ఫాంట్లలో కంటికి ఏ తేడా తెలియదు.

మూడోది, 'సైదులు'లో ఐ గుణింతం. దీన్ని ఒకే కోడ్ పాయింట్‌గా (3144) రాయవచ్చు, రెండు ముక్కలుగానూ (3142, 3158) రాయవచ్చు. యూనికోడ్ డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్‌కు 'ఎన్ఎఫ్‌సీ' అని (ఇది ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో) ఇస్తే రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. తెలుగులో ఈ తంటా ఐ గుణింతంతోనే వస్తుంది.

వీటికి మందు ఒక్కటే. ప్రతి పేరుకూ రెండు రూపాలు పెట్టుకోండి, చూపించడానికి ఒకటి, పోల్చడానికి ఒకటి. ముందు ఎన్ఎఫ్‌సీ చేసేసి, తర్వాత ఇలా:

అతుకు = సీహెచ్ఆర్(8204)
పోలిక = పేరు.రీప్లేస్(అతుకు, "").రీప్లేస్("౦", "ం").రీప్లేస్(" ", "")

8203నూ ఇలాగే తీసేయండి. పోలిక రూపాన్ని ప్రింట్ చేయకండి, అది చూడటానికి బాగుండదు. మహబూబ్ నగర్ అని ఖాళీతో రాసినా, అతుకుతో రాసినా, ఒత్తుతో రాసినా మూడూ దీనిలో ఒకటవుతాయి. అంకె సున్నాను మార్చే పనిని పేర్ల కాలమ్‌కే పరిమితం చేయండి. అంకెల కాలమ్‌లో చేస్తే లెక్కలు పాడవుతాయి. అన్నట్టు, ఎవరైనా తెలుగు అంకెల్లో ౧౨౪ అని పంపినా భయం లేదు. ఇంట్("౧౨౪") అంటే పైథాన్ 124 అనే చదువుతుంది.

మిగిలినవి నిజంగానే వేరే పేర్లు. వాటికి డిక్షనరీ, అంటే ఒక పేరుకు ఇంకో పేరును జతచేసే పట్టిక కావాలి.

అసలు_పేరు = {
"నల్గొండ": "నల్లగొండ",
"పాలమూరు": "మహబూబ్‌నగర్",
"మహబూబ్నగర్": "మహబూబ్‌నగర్",
"మిర్యాలగూడెం": "మిర్యాలగూడ"
}

ఎడమ వైపున్నవన్నీ పోలిక రూపంలో ఉండాలి, కుడి వైపున్నవి చూపించే రూపంలో. అసలు_పేరు.గెట్(పోలిక, పేరు) అంటే, జాబితాలో ఉంటే మార్చుతుంది, లేకపోతే ఉన్నదున్నట్టు వదిలేస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు, రీప్లేస్‌తో కొట్టేస్తే పోదా అనిపిస్తుంది. మీరు మిర్యాలగూడను మిర్యాలగూడెంగా మార్చాలనుకున్నారనుకోండి. ఫైల్‌లో ఇప్పటికే కొన్ని చోట్ల 'మిర్యాలగూడెం' ఉంది. ఆ పేరు మొదటి భాగం కూడా 'మిర్యాలగూడ'యే కదా, డ తర్వాత గుర్తులు వేరే కోడ్ పాయింట్లు. రీప్లేస్ ఆ భాగాన్ని పట్టుకుని మార్చేసి, చివర రెండోసారి గుర్తులు తగిలించి, ఎవరూ చదవలేని పేరు తయారు చేస్తుంది. అందుకే మొత్తం పేరు సమానమైతేనే మార్చండి, మధ్య ముక్కలను మార్చకండి.

వెతికేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. 'నగర' అనేది 'మహబూబ్‌నగర్'లో ఉందా అని ఇన్‌తో అడిగితే ట్రూ అంటుంది, చివర పొల్లు ఉన్నదని పట్టించుకోదు. 'కొండ' నల్లగొండలో లేదంటుంది, కోయిల్‌కొండలో ఉందంటుంది. ఫైండ్ అయితే ఎక్కడ దొరికిందో స్థానం చెప్తుంది: "నల్లగొండ".ఫైండ్("గొండ") అంటే 4. దొరకకపోతే మైనస్ ఒకటి.

జిల్లా కాలమ్ గురించి ఒక మాట. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. పాత కాగితాల్లో నల్గొండ జిల్లా అని ఉన్న సూర్యాపేట, భువనగిరి ఇప్పుడు ఆ జిల్లాలో లేవు. మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వేరయ్యాయి, నారాయణపేట 2019లో వేరైంది, షాద్‌నగర్ రంగారెడ్డిలోకి వెళ్లింది. కాబట్టి జిల్లా పేరును శుభ్రం చేస్తే సరిపోదు. మండలాన్ని బట్టి జిల్లాను చెప్పే ఇంకో డిక్షనరీ పెట్టుకుని, పాత కాలమ్‌ను పక్కన పడేయడమే మంచిది.

2.20 అంటే రెండు పాయింట్ రెండు కాదు

విస్తీర్ణం కాలమ్ చూడటానికి అంకెలా ఉంటుంది, నిజానికి అది రాత. 2.20 అంటే రెండు ఎకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. దీన్ని ఫ్లోట్ (దశాంశ సంఖ్య)గా మార్చిన క్షణమే పని చెడుతుంది. 1.30, 1.30 కలిపితే ఫ్లోట్ 2.6 అంటుంది, అంటే 2.60. అరవై గుంటలు అనే మాట ఏ పాస్‌బుక్‌లోనూ ఉండదు. అసలు జవాబు 3.20.

ఇలా చేయండి.

విస్తీర్ణం = "1.30"
ముక్కలు = విస్తీర్ణం.స్ప్లిట్(".")
గుంటలు = ఇంట్(ముక్కలు[0]) * 40 + ఇంట్(ముక్కలు[1])

ఇది 70 ఇస్తుంది. కూడికలన్నీ గుంటల్లోనే చేసి, చివర మాత్రమే వెనక్కి మార్చండి. మొత్తం 140 వస్తే 140 // 40 అంటే 3, 140 % 40 అంటే 20. మళ్లీ రాతగా చేసేటప్పుడు గుంటల భాగానికి జెడ్‌ఫిల్(2) పెట్టండి. మూడెకరాల ఐదు గుంటలు "3.05" అనే రావాలి. "3.5" అని వస్తే చూసేవాళ్లు మూడున్నర అనుకుంటారు. ఇంకొకరు మూడెకరాల యాభై అనుకుని మీతో కొట్లాటకు వస్తారు. చుక్కే లేకుండా ఉత్త "2" అని ఉంటే రెండో ముక్క ఉండదు, ముందే ఆ సంగతి చూసుకోండి. గుంటలు 40 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న వరుసలను విడిగా పక్కకు తీసి, పంపినవాళ్లను అడగండి.

ఎక్సెల్ దగ్గరే ఇంకో మోసం ఉంది. 2.20 అని టైప్ చేస్తే అది చివరి సున్నాను తీసేసి 2.2 చేస్తుంది. ఇప్పుడది 2 గుంటలా, 20 గుంటలా? సున్నా పోయిన 20 అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ 2.02 రాయబోయి 2.2 అని కొట్టినవాళ్లూ ఉంటారు. కోడ్‌తో ఊహించకండి, పాస్‌బుక్ చూడండి. డేటా నింపకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చమని సెంటర్లకు చెప్తే ఈ బాధే ఉండదు. సర్వే నంబర్ కాలమ్‌కూ అంతే. 12/3 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది.

సర్వే నంబర్లను వరుసలో పెట్టడం

స్ట్రింగులుగా సార్ట్ చేస్తే "124/అ" ముందు, "37" తర్వాత, "9" చివర వస్తాయి. మొదటి గుర్తును బట్టే పోల్చుతుంది కాబట్టి. సార్ట్‌కు కీ (దేన్ని బట్టి పోల్చాలో చెప్పేది) కింద ఇంట్(నంబర్.స్ప్లిట్("/")[0]) ఇస్తే 9, 37, 124 అని వస్తాయి. అ, ఆ, ఇ భాగాలు కూడా వరుసలో కావాలంటే, ఆ అంకెనూ మిగిలిన రాతనూ కలిపి టపుల్‌గా (బ్రాకెట్లో కామాతో కలిపిన జతగా) ఇవ్వండి. అచ్చుల కోడ్ పాయింట్లు వర్ణమాల వరుసలోనే ఉన్నాయి.

ఊళ్ల పేర్లను సార్ట్ చేస్తే దాదాపు మనకు తెలిసిన వరుసే వస్తుంది. ఒక తేడా: యూనికోడ్‌లో ళ, ఱ లకు ర, ల పక్కనే చోటిచ్చారు, కాబట్టి అవి వ కంటే ముందు వస్తాయి. మండలం జాబితాకు దీనివల్ల కొంప మునగదు.

కనిపించే అక్షరాలుగా విడగొట్టడం

ఒక ఫారంలో పేరు అక్షరాలతోనే ఉందో లేదో చూడాలని ఈజ్‌ఆల్ఫా పెట్టకండి. 'ధర'కు ట్రూ, 'ధాన్యం'కు ఫాల్స్ అంటుంది. గుణింతపు గుర్తులను, సున్నను అది అక్షరాలుగా లెక్కించదు. పైథాన్ సొంత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (రాతలో ప్యాటర్న్‌లను వెతికే పద్ధతి) బ్యాక్‌స్లాష్ డబ్ల్యూది కూడా ఇదే దారి. దానితో నల్లగొండలో పదాలు వెతికితే 'నల', 'లగ', 'డ' అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది.

మన అక్షరానికి మనమే ప్యాటర్న్ రాసుకుందాం. తెలుగు అక్షరం అంటే, పొల్లుతో కూడిన హల్లులు ఎన్నైనా, ఆ తర్వాత ఒక హల్లు, గుణింతం గానీ పొల్లు గానీ ఉంటే అది, సున్న ఉంటే అది. లేదా ఒక అచ్చు.

హల్లు = "[క-హ]"
అచ్చు = "[అ-ఔ]"
పొల్లు = "క్"[1]
గుణింతం = "[" + "కా"[1] + "-" + "కౌ"[1] + పొల్లు + "]"
సున్న = "[" + "కఁ"[1] + "-" + "కః"[1] + "]"
అక్షరం = "(?:" + హల్లు + పొల్లు + ")*" + హల్లు + గుణింతం + "?" + సున్న + "?|" + అచ్చు + సున్న + "?"

"క్"[1] అంటే పొల్లు ఒక్కటే వస్తుంది. ఒంటరి గుర్తులను ఎడిటర్లో నేరుగా టైప్ చేస్తే చుక్కల వలయంతో, పక్క గుర్తుకు అతుక్కుని గందరగోళంగా కనిపిస్తాయి, అందుకే ఈ అడ్డదారి. ఈ ఆరు లైన్లను పైథాన్‌లో ఉన్నవున్నట్టు నడపవచ్చు. ఆర్ఈ మాడ్యూల్‌లోని ఫైండాల్‌కు ఈ అక్షరం ప్యాటర్న్, ఊరు పేరు ఇస్తే ["న", "ల్ల", "గొం", "డ"] వస్తుంది. మహబూబ్‌నగర్‌కు ఏడు వస్తాయి. తిప్పి రాయాలంటే ఈ లిస్టును తిప్పి జాయిన్ చేయండి. స్ట్రింగ్‌ను నేరుగా తిప్పితే గుణింతాలు ఊడి వేరే అక్షరాలకు తగులుకుంటాయి.

పిప్‌తో వేసుకునే రీజెక్స్ ప్యాకేజీలో కనిపించే అక్షరాలను పట్టే గుర్తు ఒకటి ఉంది. కానీ 'ల్ల' లాంటివి ఒకటా రెండా అన్న నియమమే 2023లో యూనికోడ్ 15.1తో మారింది. వెర్షన్‌ను బట్టి జవాబు మారే దానికంటే మన ఆరు లైన్లే నమ్మకం.

రైతులకు ఎస్సెమ్మెస్

ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 గుర్తులు పడతాయి. తెలుగు ఒక్కటి కలిసినా 70 మాత్రమే. ఇక్కడ లెక్క కోడ్ పాయింట్లది, అంటే లెన్ చెప్పేదే. 'మహబూబ్‌నగర్' అంటే 70లో 11 పోయాయి, పాలమూరు అని రాస్తే 7తో సరి. మెసేజ్ 71కి చేరిందంటే రెండుగా విడిపోతుంది, అప్పుడు ఒక్కో భాగంలో 67 మాత్రమే పడతాయి, బిల్లు రెండింటికి వస్తుంది. ఇమోజీని లెన్ సాధారణంగా ఒకటే అంటుంది, ఎస్సెమ్మెస్‌లో అది రెండు తీసుకుంటుంది.

అందుకని మెసేజ్[0:70] అని కోయకండి. 70వ చోట గుణింతం ఊడిపోతే 'రూ' కాస్తా 'ర' అవుతుంది. అక్షరం ప్యాటర్న్ చివర "|." చేర్చండి, అప్పుడు ఖాళీలు, అంకెలు, ఇంగ్లీషు కూడా లిస్టులోకి వస్తాయి. కొత్త లైన్లు కూడా రావాలంటే డాట్ఆల్ ఫ్లాగ్ (ఇదీ పెద్ద అక్షరాల్లోనే) ఇవ్వాలి. ఖాళీ స్ట్రింగ్‌తో మొదలుపెట్టి ఒక్కో అక్షరాన్నీ కలుపుతూ పోండి. కలిపితే లెన్ 70 దాటుతుందనుకున్న చోట బ్రేక్ ఇవ్వండి. బస్తాల సంఖ్య, డబ్బు లాంటివి మెసేజ్ మొదట్లోనే పెడితే, కోత ఎక్కడ పడినా అంకె సగంలో తెగదు.